మెట్టె తిప్పి చూడండి

సబ్‌సెంటర్లలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. శంషాబాద్‌లో ఏ ఆటో అతన్ని అడిగినా సూదమ్మ ఇల్లు చూపిస్తాడు. ముప్పై మూడేళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఏఎన్ఎంగా తిరిగాను. గర్భిణులకు పరీక్షలు, పసిపిల్లలకు టీకాలు, ఇదే నా బతుకు. యాదమ్మ అన్న నా పేరు పోయి సూదమ్మే మిగిలింది. నన్ను చూస్తే పిల్లలు మంచాల కిందికి దూరేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే మీసాలొచ్చి విమానాశ్రయం దగ్గర క్యాబులు నడుపుతున్నారు, నేను కనబడితే ఇంకా జబ్బ తడుముకుంటారు.

వచ్చిన అమ్మాయిలు రిజిస్టర్ల గురించి అడుగుతారు, ట్రాన్స్‌ఫర్ల గురించి అడుగుతారు. అవి నన్ను అడగకండి తల్లీ, వాటిని నేను తిట్టుకుంటూనే గడిపాను. నాకు చెప్పాలని ఉన్నది ఒకటే. మీ చేతిలో పెట్టిన ఆ ట్యాబ్‌ను చూస్తే నాకు భయమేస్తుంది. ముసల్దానికి కొత్తదంటే భయమనుకుంటారేమో, అనుకోండి. పోయిన ఎండాకాలం మా తమ్ముడి బిడ్డ శిరీష, ఏడు నెలల కడుపుతో, చావుదాకా పోయి వచ్చింది. ఆ రోజు కూడా ఆ ట్యాబ్ ఆమె పేరు పక్కన పచ్చరంగు చూపిస్తూనే ఉంది.

మేడమ్ నేర్పిన పద్ధతి

నేను చేరిన రోజుల్లో మా సబ్‌సెంటర్ అంటే ఒక పెంకుటింటి వరండా, ఒక బీరువా. బీపీ మిషను ఉండేది కానీ అందులోని పాదరసం ఎప్పుడో కారిపోయింది. కొత్తది కావాలని రాసి పంపితే వచ్చేసరికి రెండు వానాకాలాలు దాటాయి. అప్పుడు మా సూపర్‌వైజర్ మేడమ్ ఒక పద్ధతి నేర్పింది. ఆమెది గుంటూరు వైపు. మాట మెత్తన, పని దగ్గర మాత్రం మహా గట్టి మనిషి.

"ఏమ్మా యాదమ్మా, మిషను లేదని చేతులు కట్టుకుని కూర్చుంటావా? మెట్టె తిప్పి చూడు" అంది.

కడుపుతో ఉన్నామెను కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, కాలి వేలికున్న మెట్టె పట్టుకుని తిప్పాలి. సులువుగా తిరిగితే వాపు లేదు. బిగుసుకుంటే మొదలైందన్నమాట. తర్వాత చీలమండ పైన బొటనవేలితో నొక్కిపట్టి, పది లెక్కబెట్టి తీయాలి. గుంట అలాగే ఉండిపోతే ఇక ఆలోచించేది లేదు, బండి మాట్లాడి దవాఖానకు పంపాలి. ఒంట్లో నీరు చేరి, రక్తపోటు పెరిగి, తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, చివరికి ఫిట్స్. గుర్రపువాతం అంటారు మన పెద్దవాళ్ళు. తల్లినీ బిడ్డనూ ఒక్క పూటలో పట్టుకుపోతుంది.

మా దగ్గర పెళ్ళైన ఆడది మెట్టె తీయదు. స్నానానికి తీయదు, పడుకునేటప్పుడు తీయదు. అందుకే ఆ పద్ధతి మీద నాకు గట్టి గురి కుదిరింది. ఆ గురే నా కొంప ముంచింది.

బాలమణి

బాలమణి ద్రాక్షతోటలో కూలికి పోయేది. ఇప్పుడు ఆ తోట లేదు, పెద్ద రేకుల గోదాం ఉంది. ఆమెకు ఎనిమిదో నెల, తొలిచూలు. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నాకు ఆ రోజు ఇంకా రెండు ఊళ్ళు మిగిలి ఉన్నాయి. కాలు పట్టుకుని మెట్టె తిప్పాను. గిర్రున తిరిగింది.

"నీకేందే, మంచిగున్నవ్" అన్నాను. రిజిస్టర్లో వాపు లేదని రాసి లేచాను. చీలమండ నొక్కలేదు. మెట్టె అంత బాగా తిరిగాక ఇంకా నొక్కడం దేనికనుకున్నాను.

నాలుగో రోజున బాలమణికి ఫిట్స్ వచ్చాయి. దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

పలకరించడానికి వెళ్తే ఆమె అత్త గోడకు ఆనుకుని ఏడుస్తూ చెప్పింది. "మెట్టెలు బిగుసైనయని మొన్ననే అవుసలాయన దగ్గర సాగదీయించిన సిస్టరమ్మా. తీసి మళ్ళ తొడిగితిమి గద, గట్ల తీసినందుకే కీడైందో ఏమో."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్టె తిరిగిందంటే తిరగదా మరి! కాళ్ళు వాచి బిగుసుకుంటే కంసాలి దగ్గర సాగదీయించి తొడిగారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్ళే. నేను అడగలేదు.

మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చూశావు, సరే. అడిగావా?" అంది. మళ్ళీ తనే అంది, "పద్ధతి ఎంత మంచిదైనా మనిషిని అడగాలమ్మా. లేకపోతే నీకు ఏది కావాలో అదే కనబడుతుంది."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు రేషన్ షాపు దగ్గర బాలమణి అత్త ఎదురుపడేది. నన్ను ఒక్క మాట అనలేదు. "బాగున్నవా సిస్టరమ్మా" అని అడిగేది, అంతే. నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ మర్నాడు ఏ ఇంటికి పోయినా ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగేదాన్ని. నేను ఏమైనా పనిమంతురాలిని అయ్యానంటే ఆ ముసలామె ముఖం చూసే అయ్యాను. ట్రైనింగులు నాకు అంత నేర్పలేదు.

తెలివైన పలక

నేను ఉద్యోగంలోంచి దిగిపోవడానికి రెండేళ్ళ ముందు ట్యాబులు ఇచ్చారు. బరువు, బీపీ, రక్తం, అన్నీ అందులో కొట్టాలి. కొడితే అదే లెక్కగట్టి ఎవరికి ప్రమాదం ఉందో చెబుతుంది. ఏఐ అన్నారు. ఎరుపు వస్తే వారం వారం ఆ ఇంటికి వెళ్ళాలి. పసుపు వస్తే పదిహేను రోజులకు. పచ్చ వస్తే నెలకోసారి చాలు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, అది తెలివైనదే. కవిత అనే అమ్మాయి విషయంలో నా పరువు తీసింది. మూడు నెలలుగా ఆమె రక్తం కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ఏ నెలకు ఆ నెల చూస్తే ఫరవాలేదనిపించి నేను వదిలేశాను. ట్యాబ్ మూడూ కలిపి చూసి ఎరుపు కొట్టింది. పెద్ద దవాఖానకు పంపితే వెంటనే రక్తం ఎక్కించారు. స్వప్న అప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటోంది, ఇప్పుడు నా సబ్‌సెంటర్‌ను చూసుకునేది ఆమే. "అక్కా, గిది నీకంటే ఉషారున్నది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

భయం ఆ తర్వాత పట్టుకుంది. ట్యాబ్ చెప్పిందల్లా ఒప్పవుతూ వచ్చింది, స్వప్న ఇళ్ళలో కూర్చోవడం తగ్గుతూ వచ్చింది. పచ్చ అయితే గడపలో నిలబడి "మంచిగున్నవా అక్కా" అని పలకరించి పోయేది. ఆ పిల్ల సోమరిపోతు కాదు. గోదాములు వచ్చాక ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కిరాయిలకు దిగారు, నలుగురి పని ఒక్కతే చేస్తోంది. కానీ అమ్మాయిలూ, ఇంట్లో కూర్చుని ఛాయ్ తాగితేనే కదా అసలు సంగతి బయటపడేది! అత్త లోపలికి పోయినప్పుడు కోడలు చెప్పే మాట ఏ ట్యాబ్‌లో పడుతుంది? అది తప్పులు చెప్పేదైతే మనమే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. అస్తమానం ఒప్పే చెబుతుంటే చూడడం, అడగడం మానేస్తాం.

శిరీష పాదాలు

శిరీషకు పురుడు పోసింది నేనే. నా చేతుల్లో పడిన పిల్ల. విమానాశ్రయం పక్కన ఒక గోదాంలో డబ్బాలకు స్కానర్ పెట్టే పని చేసేది, పొద్దంతా నిలబడాలి. భర్త నరేష్ క్యాబ్ నడుపుతాడు. వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండు బస్తీల అవతల. ఏడో నెలలో శ్రీమంతం పెట్టుకున్నారు. దానికి పది రోజుల ముందు స్వప్నకు ఫోన్ చేసి శిరీష ఎలా ఉందని అడిగాను.

"పచ్చనే అక్కా, ఫికర్ జేయకు" అంది.

పచ్చ అనగానే నా గుండె కుదుటపడింది. రెండు బస్తీల దూరం, నేను వెళ్ళి చూడలేదు. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

శ్రీమంతం నాడు ఇల్లంతా ఆడవాళ్ళు. నేను మొగుడు పోయినదాన్ని కాబట్టి పసుపు రాయడానికి నన్ను పిలవరు. పురుడు పోసిన చేతులే అయినా పనికిరావు. గోడ పక్కన కుర్చీ వేశారు, కూర్చున్నాను. శిరీష ముఖం ఉబ్బి ఉంది. కడుపుతో ఉన్నదాని నిగారింపు అని పక్కావిడ మురిసిపోయింది. శిరీష అత్త కింద కూర్చుని కోడలి పాదాలకు పసుపు రాస్తూ మెట్టె కిందికి వేలు పోనిచ్చింది. మెట్టె చక్కగా తిరిగింది. పాత అలవాటు కదా, నా కళ్ళు అక్కడే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఆమె చెయ్యి తీసింది. పసుపు పూసిన పాదం మీద నాలుగు వేళ్ళ గుంటలు. చూస్తూ ఉన్నాను, అవి పూడలేదు. నాకు బాలమణి వాకిలి గుర్తొచ్చింది. కుర్చీలోంచి ఎలా లేచానో తెలియదు.

"జర ఆగు వదినె" అన్నాను.

శిరీష అత్త ముఖం మాడిపోయింది. "గిదేంది వదినె, పసుపు కానియ్యి. నువ్వు ఇప్పుడు ముట్టుకోవద్దు గద."

"తర్వాత తిట్టుదువు గానీ" అని శిరీష పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. మెట్టెలు తళతళలాడుతున్నాయి, రెండు కొసలూ కలవని రకం. "గివి కొత్తయా బిడ్డా?"

"అవునత్తా. గోదాంల గట్టి బూట్లు ఇస్తరు గద, పాత మెట్టెలు కుచ్చుకుంటున్నయని తీసి పర్సుల పెడుతుంటి. ఇంటికొచ్చి తొడుక్కుంటుంటి. పదిహేను దినాల నుంచి పడ్తలేవు. అత్తమ్మ చూస్తే పరేషాన్ అయితదని ఫోన్ల ఆర్డర్ పెట్టుకున్న. గివి సాగుతయ్."

"తలకాయ నొస్తుందా?"

"మూడు దినాల నుంచి. అడిగితే ఎండకు నొస్తది, నీళ్ళు మంచిగ తాగుమన్నది."

"కండ్ల ముందట మెరుస్తున్నట్టు?"

"అప్పుడప్పుడు మిలమిలమంటది. గది నేను అడగలే."

"ఎవరిని అడగలే?"

"ఫోన్‌ను."

ఏం చెప్పాలి ఆ పిల్లకు! ఇంట్లో అత్త ఉంది, రెండు బస్తీల అవతల నేనున్నాను, సబ్‌సెంటర్‌లో స్వప్న ఉంది. అందరినీ వదిలి ఫోన్‌తో చెప్పుకుంది. ఫోన్ విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా కోప్పడదు, అత్తకు చెప్పదు. ఆమె అడిగింది కూడా ఎలా అడిగిందో తర్వాత చూశాను. "నిలబడి పనిచేస్తే కాళ్ళు వాస్తాయా?" అని. అవును వాస్తాయి, దిండు మీద పెట్టుకోండి, ఉప్పు తగ్గించండి అని చెప్పింది. అన్నీ చెప్పాక చివర్లో, వాపుతో పాటు తలనొప్పి ఉంటే వైద్యులను కలవండి అని కూడా చెప్పింది. దిండు మాట ఎంత తియ్యగా చెప్పిందో ఇదీ అంతే తియ్యగా చెప్పింది. నేనైతే రెక్క పట్టుకుని లేపేదాన్ని.

స్వప్న కూడా పేరంటానికి వచ్చింది. సంచిలోంచి ట్యాబ్ తీసింది. "పచ్చనే ఉన్నది గదక్కా. ఇంకా వారం దాక విజిట్ లేదు."

"పోయి బీపీ మిషన్ తే" అని అరిచాను. స్కూటీ మీద పోయి తెచ్చింది. నూట డెబ్బై మీద ఉంది, కిందిది నూట పది. ఆ అంకెలు కొట్టగానే ట్యాబ్ ఎర్రగా మారి గంట మోగించింది. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపండి అని ఒక ఆడగొంతు చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మోగుతావా, నీ మొహం మండ!

నరేష్ క్యాబ్‌లోనే బయల్దేరాం. శిరీష కాళ్ళకు పసుపు ఇంకా తడిగానే ఉంది. మెయిన్ రోడ్డు మీద నేరుగా పొమ్మన్నాను. దారి చెప్పే ఫోన్ మాత్రం హిమాయత్ సాగర్ వైపు తిరగమంది. "అన్నా, నా మాట విను" అని మొత్తుకున్నాను, అల్లుణ్ణి అన్నా అంటున్నానన్న సోయి కూడా లేదు. అతను ఫోన్ మాటే విన్నాడు. మెయిన్ రోడ్డు మీద లారీ బోల్తాపడి గంటసేపు బండ్లు కదలలేదని తర్వాత తెలిసింది. నా మాట విని ఉంటే ఆ పిల్ల రోడ్డు మీదే పోయేది. ఇది కూడా రాయకపోతే నేను దొంగదాన్నవుతాను.

దవాఖాన గేటు కనబడుతుండగా శిరీష చెయ్యి నా చేతిలో కొయ్యబారింది. పళ్ళు గిట్టకరిచింది. ఎడమ పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఉద్యోగంలో ఎంతమందిని అలా పట్టుకున్నానో, ఆ రోజు మాత్రం ఏడుపే వచ్చింది. స్ట్రెచర్ మీద వేసి లోపలికి తీసుకుపోయారు. ఇంజెక్షన్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, నా అరచేయంత ఉంది, అద్దాల పెట్టెలో పెట్టారు.

తెలివొచ్చాక శిరీష అన్న మొదటి మాట, "అత్తా, లైట్ వేయరాదు." అప్పుడు మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీదే పడుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు ఆమెకు చూపు లేదు. మూడో రోజు నా చీర రంగు చెప్పింది. నేను వరండాలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

తప్పు ఎవరిది

తల్లీబిడ్డా ఇంటికి వచ్చాక అందరం మాట్లాడుకున్నాం. ఫోన్ చివర్లో చెప్పింది కదా అత్తా, నేనే పట్టించుకోలేదు అంది శిరీష. అక్కా, నేనే ఒకసారి పోయి చూడాల్సింది అని స్వప్న కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ట్యాబ్ ప్రోగ్రాం చూసుకునే ఒక బాబు వచ్చి మర్యాదగా మాట్లాడాడు. "ప్రోగ్రాం కరెక్టుగానే పనిచేసిందండీ. కొత్త రీడింగ్ ఎవరూ ఎంటర్ చేయలేదు కదా. పాత రీడింగ్ ప్రకారం పచ్చే వస్తుంది" అన్నాడు. అందరూ నిజమే చెప్పారు. అదే నాకు నిద్రపట్టనివ్వడం లేదు.

బాలమణి నా తప్పు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను. మోశాను కాబట్టే శిరీష అత్త కాదన్నా పసుపు పళ్ళెం పక్కకు నెట్టి ఆ పాదం పట్టుకున్నాను. మరి ఆ ట్యాబ్‌కు ఏ రేషన్ షాపు దగ్గర ఏ అత్త ఎదురుపడుతుంది? దానికి ఏ పూట అన్నం సహించకుండా పోతుంది? రేపు మీకు చూడడం, అడగడం పూర్తిగా మరుపొచ్చాక, దాని తప్పును పట్టుకునే చేతులు ఎక్కడి నుంచి వస్తాయి?

ట్యాబ్ పారేయమని నేను అనను. కవిత బతికింది దాని వల్లే. మీరు ముందు ఇంట్లోకి పోయి కూర్చోండి. కాలు పట్టుకోండి. మెట్టె తిప్పండి, లేకపోతే వేలైనా పట్టుకోండి, ఇప్పటి పిల్లల్లో చాలామంది మెట్టెలే పెట్టుకోవడం లేదు. పాతవి ఎందుకు తీశావని అడగండి. అప్పుడు తెరవండి దాన్ని. నేనెంత చెప్పినా మీ చేతులు ముందు ట్యాబ్ మీదికే పోతాయని నాకు తెలుసు. ఎందుకు తెలుసో కూడా చెబుతాను.

నా పాదాలు

ఇది రాయడం మొదలుపెట్టిన వారం, ఒకరోజు సాయంత్రం బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పబోతే పట్టీ చర్మంలోకి దిగి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు, నేనొక్కదాన్నే ఉంటాను. చేతిలో ఫోన్ ఉంది. మాట్లాడితే జవాబు చెప్పేది అందులో స్వప్నే పెట్టి ఇచ్చింది.

"ఎండలో నడిస్తే కాళ్ళు వాస్తాయా?" అని అడిగాను.

"అవునండీ, వేడికి పాదాలు కొద్దిగా వాయడం సాధారణమే" అంది. నా మనసు తేలికైంది. లేచి ఛాయ్ పెట్టుకుందామనుకున్నాను. అప్పుడు తట్టింది, నేనేం చేశానో. శిరీష అడిగినట్టే అడిగాను. జవాబు నేనే నోట్లో పెట్టి, అది తిరిగి చెబితే నమ్మాను. ముప్పై మూడేళ్ళు అందరి కాళ్ళూ పట్టుకున్నదాన్ని, రెండు నెలలుగా మెట్లెక్కితే వచ్చే ఆయాసం సంగతి దానికి చెప్పనేలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

నా వేళ్ళకు మెట్టెలు తీసేసి పదకొండేళ్ళైంది. నా పాదాలకు పసుపు రాసేవాళ్ళు లేరు. వంగి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి, పది లెక్కబెట్టి తీశాను. గుంట అలాగే ఉంది.

"ఇంకేమైనా తెలుసుకోవాలనుకుంటున్నారా?" అంటోంది ఫోన్. దాని నోరు మూయించి స్వప్నకు చేశాను.

"రేపు పొద్దున్నే రా బిడ్డా. గడపల నిలబడకు, లోపటికొచ్చి కూసో. నా కాళ్ళు పట్టుకొని చూడు."

ట్యాబ్ తెరిచి చూసినట్టుంది. తర్వాత, "నీ పేరు నా లిస్టుల లేదు గదక్కా" అంది.

"అందుకే రమ్మంటున్న" అన్నాను.